బీల, తంపర, బంజరు: ఉద్దానం తీరంలో కేంద్రాధికారపు హద్దులు

2010 జులై 14న ఒకే వివాదంపై రెండు చోట్ల రెండు చర్యలు జరిగాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం పనులను అడ్డుకున్న రైతులు, మత్స్యకారులపై పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు మరణించారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ విద్యుత్ కేంద్రానికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2009లో ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ స్థలం చిత్తడినేల అన్నది రద్దుకు ప్రాతిపదిక. ఏ అనుమతిని చూపి పనులు మొదలుపెట్టబోయారో ఆ అనుమతి ఆ రోజు గడిచేసరికి మిగలలేదు. ఈ రెండింటిని ఉద్యమ చరిత్రలు ఒక విషాద యాదృచ్ఛికంగా నమోదు చేశాయి. రాజ్యాంగ అధ్యయనం దృష్టితో చూస్తే ఇందులో యాదృచ్ఛికం కన్న ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది: కేంద్ర ప్రభుత్వ అధికారానికి రాజ్యాంగం గీసిన హద్దు ఆ రోజు ఎక్కడ పనిచేసింది, ఎక్కడ పనిచేయలేదు?

డిగ్రీ తరగతి నుంచి పరిశోధన పత్రం దాకా ఈ ప్రశ్నకు అలవాటైన జవాబు ఒకటే. 246వ అధికరణ, ఏడవ షెడ్యూలు, మూడు జాబితాలు. కేంద్రం తన జాబితా దాటకూడదు, రాష్ట్రం తన జాబితా దాటకూడదు. దాటితే న్యాయస్థానం ఉంది. ఉద్దానం తీరంలోని అనుభవం ఈ జవాబును నిలబెట్టదు. అధికారాల విభజన రెండు ప్రభుత్వాలు తగవులాడుకున్నప్పుడే హద్దుగా పనిచేస్తుంది. రెండూ ఏకాభిప్రాయంతో ఒకే భూమి మీదికి వచ్చినప్పుడు అదే విభజన బాధ్యతను చేతులు మార్చుకునే ఏర్పాటుగా మారుతుంది.

సోంపేటలో ఎవరి అధికారం ఏమిటో విడదీసి చూస్తే ఇది తెలుస్తుంది. భూమి రాష్ట్ర జాబితాలోని 18వ అంశం. బీల భూమిని కేటాయించింది రాష్ట్ర ప్రభుత్వం. శాంతిభద్రతలు, పోలీసు అదే జాబితాలో మొదటి రెండు అంశాలు. తుపాకులు రాష్ట్ర పోలీసులవి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశం. ఇక ‘పర్యావరణం’ అన్న మాట మూడు జాబితాల్లో ఎక్కడా లేదు. 1972 స్టాక్‌హోం సదస్సు నిర్ణయాలను అమలు చేయడానికంటూ, అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు చట్టాలు చేసే అధికారాన్ని ఇచ్చే 253వ అధికరణ ఆధారంగా పార్లమెంటు 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేసింది. దాని కింద 2006 సెప్టెంబరు 14న వెలువడిన నోటిఫికేషన్ ప్రకారం 500 మెగావాట్లు, ఆపైన సామర్థ్యం గల బొగ్గు విద్యుత్ కేంద్రాలకు ముందస్తు అనుమతి ఇవ్వవలసినది కేంద్రం. ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసినది మాత్రం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి.

బీల రైతు ఏ గుమ్మం ముందు నిలబడినా సమాధానం పక్క గుమ్మం వైపు చూపించడానికి ఇందులో వీలుంది. భూమి సంగతి అడిగితే అది రాష్ట్రానిది. నీటి సంగతి, బూడిద సంగతి అడిగితే కేంద్రం పరిశీలించింది. కాల్పుల సంగతి అడిగితే శాంతిభద్రతల సమస్య. ఎవరూ తమ జాబితా దాటలేదు. దాటనందువల్లనే జాబితాల పరంగా అడగడానికి ప్రశ్న మిగలలేదు.

ఇది ఈ తీరానికి కొత్త కాదు. 1968 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మె సందర్భంగా కేరళలోకి కేంద్రం సి.ఆర్.పి.ఎఫ్. బలగాలను పంపినప్పుడు నంబూద్రిపాద్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం కదా, రాష్ట్రం కోరకుండా కేంద్ర బలగం ఎలా వస్తుందన్న చర్చ దేశమంతటా సాగింది. మరుసటి ఏడు శ్రీకాకుళంలో అదే బలగం దిగింది. పలాస సమీపంలోని బొడ్డపాడు, దాని చుట్టుపక్కల ఉద్దానం గ్రామాలు ఆ రోజులను ఈనాటికీ చెప్పుకుంటాయి. జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో చంపబడ్డాడు. ఇక్కడ మాత్రం కేంద్ర బలగం అధికార పరిధి ప్రశ్న కేరళలో లాగా తలెత్తలేదు. రాష్ట్ర ప్రభుత్వానికి ఆ బలగం కావాలి, కేంద్రానికి పంపడం ఇష్టం. బలగం ఒకటే, రాజ్యాంగ పాఠం ఒకటే. ఒకచోట హద్దు వార్త అయింది, మరొకచోట మాటగానైనా వినిపించలేదు. 1976లో 42వ సవరణ కేంద్ర జాబితాలో 2ఏ అంశాన్ని చేర్చి కేరళ ప్రశ్నను మూసివేసింది. అదే సవరణ తెచ్చిన 257ఏ అధికరణను 1978లో 44వ సవరణ తొలగించినా 2ఏ అంశం నిలిచిపోయింది. ఆ రెండు సవరణల మధ్య జరిగిన చర్చలో శ్రీకాకుళం ప్రస్తావనకు తావు లేకపోవడం సహజమే. ఏ ప్రభుత్వమూ ఫిర్యాదు చేయని చోటు అది.

ఈ రెండు రకాల హద్దుల తేడాను అందరికన్న స్పష్టంగా ఎదుర్కొన్న న్యాయమూర్తి తెలుగువాడు కావడం ఇక్కడ గుర్తించదగినది. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు, 1962 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ వర్సెస్ భారత ప్రభుత్వం కేసులో ఒంటరిగా విభేదించారు. బొగ్గు నిక్షేపాలున్న భూములను సేకరించేందుకు 1957లో పార్లమెంటు చేసిన చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వపు సొంత భూమిని కూడా కేంద్రం తీసుకోవచ్చా అన్నది అక్కడి వివాదం. తీసుకోవచ్చన్నది మెజారిటీ. సమాఖ్య విభజన కేంద్రానికి నిజమైన అడ్డు అని సుబ్బారావు వాదించారు. ఐదేళ్లలోపే, 1967 ఫిబ్రవరి 27న, గోలక్‌నాథ్ కేసులో ప్రధాన న్యాయమూర్తిగా ఆయన ప్రాథమిక హక్కులు పార్లమెంటుకు నిజమైన అడ్డు అని చెప్పినప్పుడు ఆరుగురు–ఐదుగురు తేడాతో అది మెజారిటీ తీర్పు అయింది. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చినా, పార్లమెంటు అధికారానికి హద్దు ఉందన్న మూలభావనను మౌలిక స్వరూప సిద్ధాంతం రూపంలో నిలుపుకొంది. సమాఖ్య హద్దు మైనారిటీలో మిగిలింది. హక్కుల హద్దు బతికింది. సుబ్బారావు తీర్పులను వేర్వేరు అధ్యాయాల్లో బోధించే అలవాటు వల్ల ఈ వరస విద్యార్థి కంట పడదు. సోంపేట ఈ రెండో కోవకు చెందిన కేసు, కొంత మార్పుతో. అక్కడ పనిచేసిన హద్దు ఏ జాబితా నుంచీ రాలేదు. నిర్ణయం తీసుకున్న ప్రభుత్వం తన నిర్ణయానికి ఆధారం చూపాలన్న నియమం నుంచి వచ్చింది. ఆ ఆధారం ఒక మాట మీద ఆగింది.

బంజరు అన్న మాట

ఉద్దానం తీరంలో లోతట్టు నీటినేలకు రెండు పేర్లు వినిపిస్తాయి. సోంపేట, బారువ ప్రాంతంలో అది బీల. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి వైపు తంపర. తంపర అన్న మాట సరిహద్దు దాటి గంజాం జిల్లాలో, ఛత్రపురం దగ్గరి సరస్సు పేరుగా కూడా ఉంది. ఈ పేర్లలో ఒక వాడుక ఇమిడి ఉంది. ఆ నేలలో ఏడాదిలో కొంతకాలం నీరు నిలుస్తుంది. కొంతమేర వరి పండుతుంది. చేపలు, జమ్ము, పశువుల మేత దొరుకుతాయి. చుట్టూ మెట్టలోని కొబ్బరి, జీడి, పనస తోటలకు భూగర్భజలం నిలిచేది ఈ పల్లం వల్లనే. తేలినీలాపురం పక్షుల వలసకు ఊతం కూడా నౌపడ, కాకరాపల్లి చిత్తడే.

ప్రభుత్వ భాషలో ఇదంతా బంజరు, లేదా పోరంబోకు. ఈ మాటలు అబద్ధాలు కావు. శిస్తు కట్టే సాగుభూమి ఏది, కానిది ఏది అని విడదీయడానికి రెవెన్యూ యంత్రాంగం వాడుకున్న మాటలివి. శిస్తు లేని నేల ఖాళీ నేల అన్న అర్థం తరువాత వచ్చి చేరింది. ఆ చేరికకు ఒక చట్టపు మలుపు కూడా ఉంది. మందస, టెక్కలి వంటి జమీందారీలున్న ఈ ప్రాంతంలో 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రైతును దివాణం నుంచి విడిపించింది. అదే చట్టం ఎస్టేటులోని ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, మేత బయళ్లు, అడవులు, చెరువులు, చేపల రేవులు సహా అన్నిటినీ ప్రభుత్వానికి దఖలు పరిచింది. మందస జమీందారీలో అడవి హక్కు కోసం 1940లో కాల్పులకు ఎదురొడ్డి ప్రాణమిచ్చిన గున్నమ్మ తరం పోరాడినది ఉమ్మడి వాడుక కోసం. ఎనిమిదేళ్ల తరువాత జమీందారు పోయాడు గాని ఉమ్మడి నేలకు యజమాని అనే స్థానం పోలేదు. ఆ స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది.

దీని రాజ్యాంగ ఫలితం తీవ్రమైనది. 44వ సవరణతో ఏర్పడిన 300ఏ అధికరణ చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదంటుంది. బీలలో చేపలు పట్టేవాడికి, జమ్ము కోసేవాడికి ఆస్తి లేదు, వాడుక ఉంది. ప్రభుత్వం తన భూమిని తానే కేటాయించుకున్నప్పుడు ఎవరి ఆస్తీ పోలేదు. పోయిన వాడుకకు రాజ్యాంగంలో గడి లేదు. ఉమ్మడి భూముల రక్షణలో తరచు ఉటంకించే జగ్‌పాల్ సింగ్ తీర్పును సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ఇచ్చింది. గ్రామ ఉమ్మడి నేలలను డబ్బు తీసుకుని ప్రైవేటు వ్యక్తులకు, వాణిజ్య సంస్థలకు కేటాయించే ప్రభుత్వ ఉత్తర్వులు చట్టవిరుద్ధమని అందులో ఉంది. సరిగ్గా నెలరోజులకు, ఫిబ్రవరి 28న, కాకరాపల్లి థర్మల్ కేంద్రం వివాదంలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. తీర్పు ఉన్నది, తంపర ఉన్నది. తంపర ఉమ్మడి నేల అని రాసిన రికార్డు లేదు.

చిత్తడినేల అన్న కొత్త మాట ఈ లోటును పూడుస్తుందని పర్యావరణవాద వ్యాఖ్యాతలు ఆశించారు. ఆ ఆశ అర్థం చేసుకోదగినదే గాని నిబంధనల పాఠం దాన్ని పూర్తిగా సమర్థించదు. చిత్తడినేలల సంరక్షణ నిబంధనలు తొలిసారి వెలువడినది 2010 డిసెంబరులో, అంటే సోంపేట కాల్పుల తరువాత, కాకరాపల్లి కాల్పులకు ముందు. వాటి నిర్వచనం వరిపొలాలను మినహాయించింది. వాటి స్థానంలో 2017 సెప్టెంబరులో వచ్చిన నిబంధనలు వరిపొలాలతో పాటు ఉప్పు తయారీకి, జలసాగుకు, నీటిపారుదలకు ప్రత్యేకంగా కట్టిన నిర్మాణాలను కూడా మినహాయించాయి. అంచున వరి పండే బీలను, ఉప్పు మళ్లను ఆనుకుని ఉన్న నౌపడ చిత్తడిని ఈ నిర్వచనం ముందు పెడితే చిక్కు తెలుస్తుంది. వరి పండిందని రుజువు చేస్తే అది బంజరు కాదు. కాని వరి పండిందని రుజువు చేస్తే చిత్తడినేల కూడా కాకపోవచ్చు. రైతు ఒక వాదనలో గెలిచే సాక్ష్యం అతన్ని మరో వాదనలో ఓడిస్తుంది. బీల అన్న పదం ఈ రెండిటినీ ఒకే నేలగా చూస్తుంది. చట్టపు తెలుగులోకి ఆ పదం ఇంకా రాలేదు. మాండలిక పదకోశాలకు పరిమితమైన పని అనుకునేది ఇక్కడ న్యాయపరమైన సాక్ష్యసేకరణ కూడా అవుతుంది.

కారణం చూపవలసిన బాధ్యత

అప్పీలు ప్రాధికార సంస్థ చేసిన పనిని దీని నేపథ్యంలో అంచనా వేయాలి. 1997 చట్టంతో ఏర్పడిన ఆ సంస్థ బలమైనదేమీ కాదు. దాని అధ్యక్ష స్థానం ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. 2010 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ రావడంతో అది కనుమరుగైంది. అంత బలహీనమైన సంస్థ కేంద్ర మంత్రిత్వ శాఖ నిర్ణయాన్ని కొట్టివేయగలగడానికి కారణం దానికి అడగవలసిన ప్రశ్న చిన్నది కావడం. అనుమతి ఇచ్చేముందు ఈ నేల ఏమిటో చూశారా? కేంద్రానికి ఈ అధికారం ఉందా అన్న పెద్ద ప్రశ్న జోలికి వెళ్లనవసరం లేకపోయింది. అధికారం ఉంది, ఆధారం లేదు. ప్రభుత్వ ఉత్తర్వు అందులో చెప్పిన కారణాలతోనే నిలవాలి, తరువాత అఫిడవిట్లలో కారణాలు చేర్చుకోరాదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రానికి ఇది దగ్గరి చుట్టం. సోంపేటలో విద్యుత్ కేంద్రం రాలేదు, భూకేటాయింపు కూడా తరువాతి కాలంలో రద్దయింది. రాజ్యాంగం ఉద్దానంలో పూర్తిగా విఫలమైందని రాసేవారు ఈ వాస్తవాన్ని దాటవేయలేరు.

కాకరాపల్లిలో కథ వేరు. అక్కడ కాల్పుల తరువాత కేంద్ర మంత్రిత్వ శాఖే పనుల నిలుపుదలకు ఆదేశించింది. దీన్ని కేంద్రం స్పందించిన తీరుగా మెచ్చుకున్న వ్యాఖ్యలు లేకపోలేదు. ఆ మెప్పు నిలవదు. ఫిబ్రవరి 28కి ముందు రోజు కూడా తంపర తంపరే. కాల్పులు ఆ నేల గురించి కొత్త విషయమేదీ చెప్పలేదు. మనుషులు పోయాక ఆపదగిన పని అంతకుముందే ఆపదగినదై ఉండాలి, లేదా ఆ ఉత్తర్వుకు నేలతో సంబంధం లేకపోవాలి. సోంపేటలో ఒక బయటి సంస్థ కారణం అడిగింది. కాకరాపల్లిలో అధికారం తనను తానే తాత్కాలికంగా బిగబట్టుకుంది. మొదటిది హద్దు. రెండోది విచక్షణ, ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకోగలిగినది.

కేంద్రాధికారానికి హద్దు ఎక్కువైతే ప్రజలకు రక్షణ ఎక్కువవుతుందన్న సూత్రీకరణ కూడా ఇక్కడ జాగ్రత్తగా వాడవలసినదే. అమెరికా సుప్రీంకోర్టు 2023 మే 25న సాకెట్ కేసులో, ఫెడరల్ జలచట్టం పరిధిలోకి రావాలంటే చిత్తడినేలకు నదులు, సరస్సుల వంటి జలాలతో నిరంతర ఉపరితల సంబంధం ఉండాలంది. జాతీయ ప్రభుత్వపు పరిధి తగ్గింది. దానితో పాటు ఎన్నో చిత్తడినేలల రక్షణ తగ్గింది. మన 2017 నిబంధనలు కూడా అధికారాన్ని చాలావరకు రాష్ట్ర ప్రాధికార సంస్థలకు బదిలీ చేశాయి. భూమిని కేటాయించే ప్రభుత్వమే ఆ భూమి చిత్తడా కాదా అని తేల్చే ప్రభుత్వం కావడం వికేంద్రీకరణ పేరుతో జరిగింది. సమాఖ్య స్ఫూర్తి అన్న మాటను ఈ సందర్భంలో వాడేవారు ఈ కలయికకు సమాధానం చెప్పాలి.

ఉద్దానానికి ఆనుకున్న ఒడిశాలో పరిస్థితి మరోలా ఉంది. నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. పన్నెండు గ్రామసభలూ గని వద్దన్నాయి. అటవీ హక్కుల చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం ఆ అవకాశాన్నిచ్చాయి. ఉద్దానం తీరం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడి మత్స్యకార గ్రామానికి ఉన్నది ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడే హక్కు. మాట నెగ్గే హక్కు లేదు. 243జి అధికరణ, పదకొండవ షెడ్యూలు పంచాయతీలకు మత్స్య పరిశ్రమ, భూమి అభివృద్ధి వంటి అంశాలను పేర్కొన్నా వాటిని ఇవ్వడం రాష్ట్ర శాసనసభ ఇష్టానికి విడిచిపెట్టాయి. ఇవ్వని రాష్ట్రాన్ని అడిగే దారి లేదు.

ఇప్పుడు మందస, వజ్రపుకొత్తూరు మండలాల మధ్య పలాస కార్గో విమానాశ్రయ ప్రతిపాదనతో పాత ప్రశ్న కొత్త అంశం సంఖ్యతో వచ్చింది. విమానాశ్రయాల ఏర్పాటు కేంద్ర జాబితాలో 29వ అంశం. భూమి మళ్లీ రాష్ట్రానిది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్ 2018లో చేసిన సవరణ చట్టం కొన్ని రకాల ప్రాజెక్టులను దాని నుంచి మినహాయించే వీలు కల్పించింది. పార్లమెంటు చట్టానికి విరుద్ధమైన రాష్ట్ర చట్టం నిలవాలంటే 254వ అధికరణ రెండో క్లాజు కింద రాష్ట్రపతి సమ్మతి కావాలి. ఆ సమ్మతి లభించింది. పార్లమెంటు పెట్టిన హద్దును రాష్ట్రం తీసివేయడానికి కేంద్రం ఒప్పుకోవడం, ఆ వెసులుబాటు కేంద్ర జాబితాలోని ప్రాజెక్టులకు కూడా ఉపయోగపడగలగడం, అంతా రాజ్యాంగం చెప్పిన పద్ధతిలోనే.

అందువల్ల పలాస విషయంలో కూడా చూడవలసిన పత్రం దరఖాస్తుతో పాటు సమర్పించే ఫారం ఒకటి. గోవాలోని మోపా విమానాశ్రయం కేసులో 2019 మార్చి 29న సుప్రీంకోర్టు అనుమతిని నిలిపివేసింది ఆ ఫారంలో చెట్లు, పర్యావరణ సున్నిత ప్రాంతాల గురించి రాసిన జవాబులను, వాటిని నిపుణుల సంఘం పరిశీలించకుండా ఒప్పుకున్న తీరును చూసి. పదినెలలు తిరగకుండానే, 2020 జనవరిలో, ఆ నిలుపుదల ఎత్తివేయబడింది. అంత చిన్నది ఈ హద్దు, అంత అస్థిరమైనది. మందస, వజ్రపుకొత్తూరు మధ్య ఉన్న జీడి, కొబ్బరి తోటలు, వాటి కింది నీరు ఆ ఫారం గడుల్లో ఏ పేర్లతో నమోదవుతాయో, ఆ పేర్లను ఊరివాళ్లు ప్రజాభిప్రాయ సేకరణకు ముందు తెలుగులో చదవగలుగుతారో లేదో ఇంకా తేలలేదు.